‘అంతా వెచ్చగానే ఉంది’ అని రాసిన దొరగారికి

తిరుపతి, బైరాగిపట్టెడ
ధనుర్మాసం, తెల్లవారి 5 గంటల 40 నిమిషాలు

మహారాజశ్రీ కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ గారి సముఖమునకు, కారు గలవాడు చేసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టమని పెద్దలు నేర్పారు గనక పెట్టాను. తమరు క్షేమం. నేను కాదు.

తమరెవరో మా వీధిలో ఎవరికీ తెలియదు. నెల కిందటి దాకా నాకూ తెలియదు. ఇంజన్ పక్కన కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ళు, పారే చోట బిగించిన బొటనవేలంత ఇత్తడి ముక్క, వెనక రెండు తీగలు. తమరి ఉద్యోగం ఒక్కటే. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో లోపలున్న కంప్యూటరుకు, మెకానిక్కులు ఈసీఎం అనే ఆ పెద్దదొరకు, ఎప్పటికప్పుడు కబురు పెట్టడం. ఆయన గది విడిచి కదలడు. చెయ్యి పెట్టి చూసే అలవాటు లేదు. తమరు ఏం రాసి పంపితే అదే ఇంజన్ పరిస్థితి. ఇరవై ఆరేళ్ళుగా చిత్తూరులో ఫైళ్ళు మోస్తున్నవాణ్ణి, ఈ ఏర్పాటు నాకు కొత్త కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాను చీల్చినప్పుడు ఇల్లు ఒక జిల్లాలోనూ కుర్చీ ఇంకో జిల్లాలోనూ పడ్డాయి. అప్పటి నుంచి రోజూ పొరుగు జిల్లాకు పోయి వచ్చేవాడిగా లెక్క. అందుకే తెల్లారకముందే బండి తియ్యాలి. అందుకే తమరితో తగువు.

సెల్ఫ్ కొడితే అంటుకుంటుంది. గుర్రుమంటుంది. నాలుగు సెకన్లు, మహా అయితే ఐదు. తర్వాత ఒక్క దగ్గు దగ్గి ఆగిపోతుంది. మళ్ళీ కొట్టు, మళ్ళీ దగ్గు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి రేస్ ఇస్తూ ఉంటే బతుకుతుంది, తీస్తే పోతుంది. ఈ సేవ ఐదు నిమిషాలు చేశాక ఏమీ జరగనట్టు నిలబడుతుంది. చంద్రగిరి కోట కనిపించేసరికి, పొద్దున ప్రాణం తీసింది ఇదేనా అన్నంత బుద్ధిగా పోతుంది. సాయంత్రం దాకా పల్లెత్తు మాట ఉండదు.

చలి అంటే కాశ్మీరు అనుకునేరు. మా తిరుపతి చలి పద్దెనిమిదో పంతొమ్మిదో డిగ్రీలు. దీనికే మఫ్లర్లు చుట్టుకుని టీకొట్టు ముందు చేతులు రుద్దుకుంటాం. మదనపల్లె వాళ్ళు చూస్తే నవ్విపోతారు.

మా వీధిలో వైద్యులకు కొదవ లేదు. ఎదురింటాయన బ్యాటరీ అన్నాడు. బ్యాటరీ కొట్టుకు పోతే మీటరు పెట్టి చూశాడు, 12.6 వోల్టులు. అంటే నిండుగా ఉన్నట్టే. “చూపిస్తాది సామీ, లోపల సత్తవ ల్యా” అన్నాడు. కొత్తది కొన్నాను. ఇంటికొచ్చాక తట్టింది. సెల్ఫ్ తిరిగి ఇంజన్ అంటుకున్నాక బ్యాటరీకి దానితో పనేముంది? అంటుకుని చచ్చే బండికీ అసలు అంటుకోని బండికీ మందు ఒకటి కాదు గదా. ఆ ముక్క తట్టే వేళకు నాలుగు వేల ఎనిమిది వందలు వదిలాయి.

తర్వాత ప్లగ్గులు. ఆ తర్వాత పెట్రోలు మీద పడ్డారు. 20 శాతం ఇథనాల్ కలుపుతున్న రోజులివి, చలికి ఆవిరి కావడానికి ఇథనాల్ మొరాయిస్తుంది కూడాను, కాబట్టి ఆ అనుమానం మరీ గాలిలోంచి పుట్టింది కాదు. కానీ అదే బంకులో పోయించుకునే పక్కింటి కారు ఒక్క సెల్ఫుకు లేచి, నా వంక చూసి మరీ వెళ్ళిపోతోంది. ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ విప్పి కడిగారు. అది మాత్రం అన్యాయం అనను, కార్బన్ పట్టి మసిబారిన పెనంలా ఉంది. రెండు రోజులు నయమనిపించింది. మూడో రోజు మళ్ళీ దగ్గు. మా అత్తగారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించారు. ఖర్చు రీత్యా చూస్తే అన్నింటిలోకీ మేలైన వైద్యం అదే.

షెడ్డుకు తీసుకుపోతే ఇంకో తమాషా. వాళ్ళు తెరిచేది తొమ్మిదికి. నేను సెలవు పెట్టి, రేస్ ఇచ్చి ఇచ్చి, ఎలాగో అక్కడికి చేర్చేసరికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది. మెకానిక్కు తాళం తిప్పితే ఒక్క సెల్ఫుకు లేచి నిలబడుతుంది. ఇంట్లో తైతక్కలాడి అయివారి ముందు చేతులు కట్టుకునే పిల్లకాయ మాదిరి. స్కానర్ పెట్టాడు, తప్పు ఫలానా చోట అని చెప్పే కోడు ఒక్కటీ రాలేదు. చెక్ ఇంజన్ దీపం, తాళం తిప్పినప్పటి ఆ క్షణం తప్ప, కొన్నప్పటి నుంచి వెలిగిన పాపాన పోలేదు. “బండి బంగారం సామీ” అని నా వైపు అదోలా చూశాడు. చూపించాల్సింది బండిని కాదేమో అన్నట్టు.

తమరిని పట్టించింది కొర్లగుంట దగ్గర షెడ్డు పెట్టుకున్న ఒక ముసలాయన. చోక్ కార్ల కాలం నుంచి చేయి తిరిగినవాడు. చోక్ అంటే చలిలో ఇంజన్‌కు పెట్రోలు పాలు పెంచే మీట. ఆ రోజుల్లో చలి ఎంతుందో చూసుకుని మనిషే దాన్ని లాగేవాడు, వేడెక్కాక మనిషే నెట్టేవాడు. మధ్యలో రిపోర్టు రాసే తమరి బోటి ఉద్యోగి ఉండేవాడు కాదు. నేను గోడు వెళ్ళబోసుకుంటే మధ్యలోనే ఆపేశాడు.

“రాత్రికి బండి ఈడ్నే నిలబెట్టి పో సామీ. పొద్దున నేనొచ్చేదాకా తాళంచెవి ఎవురూ తిప్పకూడదు.”

పొద్దున ఆరింటికి పోయాను. ముందు అరచెయ్యి ఇంజన్ మీద పెట్టాడు. “ఐసు మాదిరి ఉండాది” అన్నాడు. స్కానర్ తగిలించి, సెల్ఫ్ కొట్టకుండా తాళం సగమే తిప్పాడు. లోపలికి పోయే గాలి 19 డిగ్రీలు. కూలెంట్ 62.

“రాత్రంతా పొణుకున్న బండి సామీ. రెండూ ఒకటే చూపియ్యాల. ఎవురో ఒకరు అబద్ధం చెప్తా ఉండారు.”

దొరా, అక్కడ దొరికారు తమరు!

చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, చుక్కలు చుక్కలుగా గోడలకు అంటుకుంటుంది. అందుకని ఆ మొదటి నిమిషాల్లో మామూలు కంటే బాగా ఎక్కువ పెట్రోలు పొయ్యాలి, కాస్త గాలి కూడా ఎక్కువిచ్చి వేగంగా తిప్పాలి. వేడెక్కిన బండికి నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు చాలు, చలిలో పన్నెండు వందలైనా కావాలి. ఎంత పొయ్యాలో పెద్దదొర లెక్క కట్టేది తమరి రాతను బట్టి. “62 డిగ్రీలు, అంతా వెచ్చగానే ఉంది” అని తమరు రాశారు. ఆయన పొదుపు చేశాడు. బండి గొంతెండి చచ్చింది.

తమరి చాకచక్యం మెచ్చుకోకుండా ఉండలేను. 62 అనేది జరగని సంగతి కాదు, ఇంజన్ వేడెక్కే దారిలో రోజూ తగిలే అంకే. అందుకే దీపం వెలగలేదు, కోడు పడలేదు. పైగా ఇంజన్ నిజంగా వేడెక్కాక తమరి అబద్ధమూ నిజమూ ఒకటైపోతాయి. రోజుకు ఐదు నిమిషాలే తప్పు, మిగతా రోజంతా సత్యహరిశ్చంద్రులు. ఇంత పనితనం మా సెక్షన్లో కూడా చూడలేదు.

ముసలాయన ఇంకో సంగతి చూపించాడు. తమరి తీగల కనెక్టర్ ఊడబీకి సెల్ఫ్ కొట్టాడు. చెక్ ఇంజన్ దీపం భగ్గున వెలిగి ఆరనే లేదు, రేడియేటర్ ఫ్యాను హోరుమంది, కోడు పడింది. తమరు నోరు మూసుకుని ఉంటే పెద్దదొర మొదటి రోజే పట్టేసేవాడు! రిపోర్టు రాకపోతే మా ఆఫీసులోనూ సాయంత్రానికల్లా మెమో వస్తుంది. తప్పు రిపోర్టు వస్తే ట్యాగు కట్టి బీరువాలో పెడతాం. అందులో నా సంతకాలూ కొన్ని ఉన్నాయి, అది వేరే కథ.

ఆ తర్వాత తమరిని విప్పి మీటరు పెట్టాడు. ఆ చలిలో తమరి నిరోధం రెండున్నర వేల ఓమ్‌ల దగ్గర ఉండాలట, వేడి పెరిగేకొద్దీ తగ్గాలట. ఆరువందలు కూడా లేవు. పక్కన కొత్తది పెట్టి చూశాడు, రెండు వేల ఐదు వందల చిల్లర. విచారణ ముగిసింది. కొత్తాయన ధర 420 రూపాయలు. ఆ అంకె నేను పెట్టింది కాదు, బిల్లు మీదే ఉంది. చేతికూలి రెండు వందలు. తమరిని విప్పినప్పుడు కారిన కూలెంట్ మళ్ళీ పోసి, గాలి బుడగలు పోయేదాకా మూత తీసి నడిపించాడు.

తమరి మూలంగా శిక్ష పడ్డ బ్యాటరీ ఇప్పుడు మా బావమరిది ఇంట్లో ఇన్వర్టర్‌కు తగిలించి ఉంది, బ్రహ్మాండంగా పని చేస్తోందని ఫోను చేసి మరీ చెప్తున్నాడు. నాలుగు ప్లగ్గులూ డిక్కీలో ఉన్నాయి, పారెయ్యడానికి మనసొప్పక.

కొత్తాయన ఈ పొద్దునే చార్జి తీసుకున్నారు. ఐదింబావుకు సెల్ఫ్ కొట్టాను. అంటుకుంది. నాలుగు సెకన్లు, ఐదు, ఆరు. కాలు తీశాను. ఆగలేదు. పన్నెండు వందల మీద హుందాగా మోగుతోంది. కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. అంతలో మా ఆవిడ ముగ్గుగిన్నె చేతిలో పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది.

“ఏమండీ, ఇదేంది ఈ మోత? ముందర ఇట్లా అరిచేది కాదే. ఇంకేదో పొయ్యిండాది, ఎదురింటాయన్ను అడగరాదా?”

ఎదురింటాయన అప్పటికే లుంగీ సర్దుకుంటూ వీధి దాటుతున్నాడు.

ఇట్లు,
తమరి మాజీ బాధితుడు