ఇరాన్‌పై గెలిచారు సరే, మన పిల్లలు ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడుతున్నారు?

2025 నవంబర్ 30, ఆదివారం. బెజవాడలో టీవీ ఉన్న ప్రతిచోటా రాంచీ వన్డేనే. కోహ్లీ 135 కొట్టాడు, దక్షిణాఫ్రికా మీద గెలిచాం, రాత్రి దాకా టీ కొట్ల దగ్గర అదే ముచ్చట. అదే రోజు అహ్మదాబాద్‌లో మన అండర్-17 ఫుట్‌బాల్ జట్టు ఇరాన్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సంపాదించింది. ఇరాన్‌కు డ్రా అయినా చాలు, మనకు మాత్రం గెలవక తప్పదు. మొదటి గోల్ కూడా వాళ్లే కొట్టారు. సరిగ్గా హాఫ్ టైమ్ ముందు పెనాల్టీతో స్కోరు సమం చేసి, విరామం తర్వాత కాసేపటికే రెండోది కొట్టి, మిగిలిన సమయమంతా మనవాళ్లు గోల్ కాచుకున్నారు. కోహ్లీ సెంచరీ మీద నాకేం కోపం లేదు, నేనూ చూశాను.

ఆ కుర్రాళ్లకు చప్పట్లు కొట్టాల్సిందే. అయితే అదే గ్రూపులో పాలస్తీనాతో 1-1 డ్రా, చైనీస్ తైపీ మీద 3-1 గెలుపు, లెబనాన్ చేతిలో 0-2 ఓటమి, ఆ వెంటనే ఇరాన్ మీద ఈ విజయం. ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు లేరు. పాతికేళ్ల రికార్డు తిరగేసినా ఇదే తీరు కనిపిస్తుంది. ఒక బ్యాచ్ పైకి లేస్తుంది, తర్వాతి బ్యాచ్ చతికిలబడుతుంది. ఒక ఏడాది పుట్టిన పిల్లల్లో ప్రతిభ ఎక్కువ, ఇంకో ఏడాది పుట్టినవాళ్లలో తక్కువ అని సరిపెట్టుకుంటే సుఖమే. నా వాదన వేరు. పదిహేడేళ్లు నిండేలోపు ఒక కుర్రాడు ఎన్ని పోటీ మ్యాచ్‌లు ఆడాడన్నదే అసలు లెక్క. దీనికి సాక్ష్యం కావాలంటే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, విజయవాడ, గుంటూరు చాలు.

ముందు రికార్డు సంగతి. ఆసియా స్థాయిలో ఈ వయసు జట్టు క్వార్టర్ ఫైనల్ చేరింది రెండుసార్లు, 2002లో, మళ్లీ పదహారేళ్లకు 2018లో. రెండుసార్లూ దక్షిణ కొరియానే అడ్డం పడింది. 2018లో మలేసియాలో ఆడిన జట్టు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. కోచ్ బిబియానో ఫెర్నాండెజ్. వియత్నాం మీద 1-0, ఇరాన్‌తో 0-0, ఇండోనేసియాతో 0-0, ఆఖరికి కొరియా చేతిలో 0-1. నాలుగు మ్యాచ్‌ల్లో తిన్నది ఒక్క గోల్. కొట్టింది కూడా ఒక్కటే, అదీ పెనాల్టీ. ఇరాన్ లాంటి జట్టును తొంభై నిమిషాలు నిలువరించగలిగిన పిల్లలు, బంతి కాళ్ల దగ్గరికొచ్చాక ముందుకెళ్లి గోల్ కొట్టే దగ్గర తడబడ్డారు. కాచుకోవడం క్యాంపులో నేర్పొచ్చు. కొట్టడం మాత్రం మ్యాచ్‌ల్లోనే వస్తుంది, పదిసార్లు తప్పు చేస్తే గానీ పదకొండోసారి కాలు సరైన చోట పడదు.

ఇక్కడో చిన్న విషాదం ఉంది. అప్పటి నిబంధన ప్రకారం సెమీస్ చేరితేనే ప్రపంచకప్ టికెట్. 2025 నుంచి అండర్-17 ప్రపంచకప్ 48 జట్లతో ఏటా జరుగుతోంది, ఆసియా కప్‌లో క్వార్టర్స్ చేరిన జట్లకు అందులో చోటు దొరికింది. అంటే 2018 బ్యాచ్ ఏడేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ప్రపంచకప్ ఆడేది. ఇప్పటిదాకా మన అబ్బాయిలు ఆ మెట్టు ఎక్కింది ఆతిథ్య దేశం హోదాలో, 2017లో మాత్రమే.

2017 గురించి మనవాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆరు నగరాల్లో టోర్నీ, 13 లక్షలకు పైగా ప్రేక్షకులు, ఆ వయసు ప్రపంచకప్‌లో రికార్డు. మైదానంలో సంగతి చూస్తే అమెరికా చేతిలో 0-3, కొలంబియా చేతిలో 1-2, ఘనా చేతిలో 0-4. కొలంబియా మీద 82వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని జీక్సన్ సింగ్ తలతో గోల్‌లోకి పంపాడు. ఫిఫా ప్రపంచకప్‌లలో భారత్‌కు అదే తొలి గోల్. స్టేడియం సంబరం ఇంకా సద్దుమణగకముందే, మరుసటి నిమిషంలోనే కొలంబియా రెండోది కొట్టేసింది. గోల్ కొట్టిన వెంటనే వచ్చే నిమిషం ఎంత ప్రమాదమో ప్రతి వారం లీగ్ ఆడే కుర్రాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ జట్టు తయారీ మన కార్పొరేట్ కాలేజీల ర్యాంకర్ల సెక్షన్ లాంటిది. దేశమంతా వెతికి కొందరిని ఏరి, విడిగా పెట్టి, విదేశాలు తిప్పి తోమారు. మిగతా సెక్షన్ల గోడు ఎవరికీ పట్టలేదు. అందుకే ఆ సెక్షన్ మూతపడగానే మళ్లీ మొదటికొచ్చింది. జీక్సన్, సురేశ్ సింగ్, అన్వర్ అలీ లాంటివాళ్లు సీనియర్ జట్టు దాకా వెళ్లారు, ఆ మేరకు పెట్టిన ఖర్చు దండగ కాదు. కానీ అలాంటి పిల్లలకు దేశవాళీ క్లబ్ పోటీ ఐ-లీగ్‌లో పెద్దవాళ్లతో ఆడే అవకాశమిచ్చిన ఇండియన్ యారోస్ జట్టును 2022లో ఎత్తేశారు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 2019లో తాష్కెంట్‌లో ఉజ్బెకిస్థాన్‌తో 1-1 డ్రా చేసుకుని గ్రూపులో మొదటి స్థానం తెచ్చుకున్న జట్టుకు కొవిడ్ వల్ల అసలు టోర్నీయే రద్దయింది. 2023లో థాయ్‌లాండ్‌లో వియత్నాంతో డ్రా, ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-1, జపాన్ చేతిలో 4-8. 2024 అర్హత పోటీల్లో థాయ్‌లాండ్ చేతిలో 2-3తో ఓడి ఇంటికొచ్చారు. మధ్యలో దక్షిణాసియా టోర్నీ శాఫ్‌లో మాత్రం మనదే రాజ్యం. 2022 నుంచి 2025 దాకా ఏటా మనమే గెలిచాం. ఆ కప్పులు చూసి ఫెడరేషన్ పెద్దలు ఫొటోలు దిగడం నాకైతే నచ్చదు. భూటాన్, శ్రీలంకలను ఓడించడానికి ఉన్న వనరులు సరిపోతాయి. జపాన్ ఎదురైతే అసలు రంగు బయటపడుతుంది.

ఉజ్బెకిస్థాన్ పేరు రెండుసార్లు వచ్చింది, కావాలనే తెచ్చాను. ఆ దేశ జనాభా నాలుగు కోట్లు కూడా లేదు, 2011 లెక్కల ప్రకారమే మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు అయిదు కోట్ల మంది ఉన్నాం. పదహారేళ్ల వయసులో వాళ్లతో మనం ఒకసారి డ్రా చేశాం, ఒకసారి ఒక్క గోల్ తేడాతో ఓడాం. ఆ తర్వాత? వాళ్లు 2023లో అండర్-20 ఆసియా ఛాంపియన్లు, 2025లో అండర్-17 ఆసియా ఛాంపియన్లు, 2026 సీనియర్ ప్రపంచకప్‌కూ అర్హత తెచ్చుకున్నారు. మన సీనియర్ జట్టు 2027 ఆసియా కప్‌కే వెళ్లలేకపోయింది. మనవాళ్లకు ఒళ్లు లేదు, ఎత్తు లేదు అనే మాట వింటుంటాను. అదే నిజమైతే తేడా పదహారేళ్లకే కనపడాలి కదా!

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం. విజయవాడ, గుంటూరు క్రీడల్లో వెనకబడ్డాయని ఎవరూ అనలేరు. ఆర్చరీలో జ్యోతి సురేఖ 2023 ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. చెస్‌లో కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక. బ్యాడ్మింటన్‌లో ప్రపంచ నంబర్ వన్ దాకా వెళ్లిన కిదాంబి శ్రీకాంత్. ఇవన్నీ ఇల్లు పూనుకుంటే అయ్యే ఆటలు. తండ్రి ఉద్యోగానికి సెలవు పెట్టి కూతుర్ని టోర్నీకి తీసుకెళ్లొచ్చు, పొలం అమ్మి కోచింగ్ ఇప్పించొచ్చు. ఈ విషయంలో కృష్ణా, గుంటూరు జిల్లాల తల్లిదండ్రులను మించినవాళ్లు లేరు. ఫుట్‌బాల్‌లో మాత్రం ఎంత డబ్బున్న తండ్రి అయినా కొడుక్కి మిగతా పదిమందిని, ఎదుటి జట్టు పదకొండు మందిని కొనిపెట్టలేడు. అది ఊరు కలిసి చేయాల్సిన పని.

ఊరు ఏం చేస్తోంది? ఏటా స్కూల్ గేమ్స్ సెలక్షన్లు జరుగుతాయి, మన భాషలో ఎస్‌జీఎఫ్ సెలక్షన్స్. ఒక్కసారి వెళ్లి నిలబడి చూడండి. పిల్లలు తెల్లవారుజామునే బస్సుల్లో దిగుతారు. స్టడ్స్ ఉన్న బూట్లు కొందరికే ఉంటాయి, ఒకడు ఆడి రాగానే విప్పి ఇంకొకడికి ఇస్తాడు, సైజు సరిపోకపోతే ముందు కాగితం కుక్కుతారు. ఒక్కొక్కరికి దొరికేది కాసేపు ఆట. ఆ కాసేపట్లో బంతి అటువైపు వస్తే అదృష్టం, రాకపోతే ఆటలో అరటిపండే. ఎంపికైన జట్టు నాలుగు రోజులు కలిసి ప్రాక్టీస్ చేసి రాష్ట్ర పోటీలకు వెళ్తుంది, ఓడితే సంచి సర్దుకుని రావడమే. గట్టు మీద నిలబడ్డ తండ్రులు పీఈటీని అడిగే మొదటి ప్రశ్న పిల్లాడు ఏ పొజిషన్‌లో బాగా ఆడుతున్నాడని కాదు, ‘సార్, సర్టిఫికెట్ వస్తుందా?’ అని. వాళ్లను తప్పుపట్టను. స్పోర్ట్స్ కోటా తప్ప ఆ ఆట నుంచి వాళ్లకు కనిపించే దారి ఇంకోటి లేదు.

వయసు గొడవ కూడా ఇక్కడే పుడుతుంది. సర్టిఫికెట్ కోసం పుట్టిన తేదీ ఏడాదో రెండేళ్లో వెనక్కి జరపడం కొత్తేమీ కాదు. పద్దెనిమిదేళ్లవాడు పదహారేళ్ల పిల్లల మధ్య ఆడితే జిల్లా కప్పు వస్తుంది. అంతర్జాతీయ టోర్నీలో ముంజేతి ఎముకకు ఎంఆర్ఐ తీస్తారు, ఎముక చివర పెరిగే మెత్తటి భాగం, అంటే ఎదుగుదల పలక, పూర్తిగా అతుక్కుపోయి ఉంటే వాడు ఆ వయసు జట్టులో ఆడటానికి వీల్లేదు. అప్పుడు నష్టపోయేది వాడొక్కడే కాదు, వాడి వల్ల సెలక్షన్‌లో చోటు దొరకని నిజమైన పదిహేనేళ్ల పిల్లాడు కూడా. వాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

మరి మణిపూర్ ఎలా చేస్తోంది? 2017 ప్రపంచకప్ జట్టులో 21 మందికి ఎనిమిది మంది ఆ రాష్ట్రం వాళ్లే. 2023లో అక్కడ కుకీలు, మైతేయిలు ఒకరినొకరు చంపుకుంటున్న నెలల్లో, అండర్-16 శాఫ్ ఫైనల్లో బంగ్లాదేశ్ మీద కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి మైతేయి కుర్రాడిది, ఒకటి కుకీ కుర్రాడిది. ముప్పై లక్షల జనాభా ఉన్న రాష్ట్రం. అక్కడ ఊరూరా క్లబ్బు, క్లబ్బుల మధ్య పోటీ. పిల్లాడు ఆడటానికి ఎవరి దయా అక్కర్లేదు.

తెలుగువాళ్లకు ఈ ఆట కొత్త అనుకుంటే పొరపాటు. 1974లో బ్యాంకాక్‌లో ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్‌ను భారత్ ఇరాన్‌తో కలిసి పంచుకుంది. ఆసియాలో మన కుర్రాళ్ల జట్టుకు దక్కిన ఏకైక టైటిల్ అది, ఆ జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ హైదరాబాదీ. అంతకుముందే అదే ఊరి రహీం సాబ్ కోచ్‌గా సీనియర్ జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చిపెట్టారు. అప్పట్లో ఆ నగరంలో పోలీసు జట్టు, స్థానిక లీగ్ ఉండేవి. ఒకప్పుడు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఛాంపియన్‌గా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

అమ్మాయిల అండర్-17 జట్టు సంగతి చూడండి. 2022లో ప్రపంచకప్ మన దేశంలోనే పెట్టుకుని అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5తో ఓడారు. ఒక్క గోల్ లేదు. మూడేళ్ల తర్వాత బిష్కెక్‌లో కిర్గిజ్‌స్థాన్‌ను, ఉజ్బెకిస్థాన్‌ను 2-1, 2-1తో గెలిచి ఆసియా కప్‌కు వెళ్లారు. నా దృష్టిలో ఆతిథ్యంతో వచ్చిన ప్రపంచకప్ కన్నా ఇదే పెద్దది.

విజయవాడకు, గుంటూరుకు మధ్య దూరం ముప్పై అయిదు కిలోమీటర్లు. రెండు ఊళ్లలో స్కూళ్లకు లోటు లేదు, వాటిలో పదహారు జట్లు పోగేయడం కష్టం కాదు. అండర్-13, అండర్-15 అని రెండు లీగ్‌లు పెట్టి, జూన్ నుంచి ఫిబ్రవరి దాకా ఇంటా బయటా ఆడించినా ఒక్కో కుర్రాడికి ఏటా ముప్పై మ్యాచ్‌లు. దీనికి అకాడమీ భవనం అక్కర్లేదు, విదేశీ కోచ్ అక్కర్లేదు. గోల్‌పోస్టులకు వలలు, ఒక రిఫరీకి భత్యం, బస్సు కిరాయి చాలు. ఇందిరాగాంధీ స్టేడియం, బీఆర్ స్టేడియం ఖాళీగా లేకపోతే స్కూలు మైదానాలున్నాయి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. అండర్-17 ఎంపికకు కీలకమైన వయసు అంటే ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా. మన దగ్గర ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది, ఆదివారం పొద్దున్న వీకెండ్ టెస్ట్, సోమవారానికి మార్కులు ఇంటికి మెసేజ్. లీగ్ పెట్టాలనుకునేవాళ్లు మైదానం కోసం కలెక్టర్ గారికి అర్జీ పెట్టే ముందు, ఆ టెస్టును శనివారానికి జరపమని స్కూలు యాజమాన్యాలను ఒప్పించాలి. అందుకు ఒక్క స్కూలు ఒప్పుకున్నా ఉపయోగం లేదు, ఎదురు ఆడే జట్టు స్కూలు కూడా ఒప్పుకోవాలి.