‘ఎక్స్’ గారి మాతృభాష

గల్ఫ్‌లోని ఒక అంతర్జాతీయ పాఠశాలకు లెక్కల ఉపాధ్యాయులు కావాలన్న ప్రకటనను మా మేనకోడలు మొన్న నాకు చూపించింది. ఎమ్మెస్సీ, బీఎడ్, పధ్నాలుగేళ్ళ అనుభవం, అడిగినవన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. అడుగున చిన్న అక్షరాలలో మాత్రం ‘మాతృభాష ఇంగ్లీషు అయినవారికి ప్రాధాన్యం’ అని ఉంది. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాను. అది ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగం కాదు, వర్గ సమీకరణాలు చెప్పే ఉద్యోగం. ఆ సమీకరణాలలో నివసించే ఎక్స్ గారు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో విజయనగరంలో ఇంతవరకు ఎవరూ విచారించిన పాపాన పోలేదు.

పాఠశాలవారి మీది గౌరవంతో ఆ విచారణ నేనే చేపట్టాను. ఆల్జీబ్రా అనే మాట అరబ్బీలోని ‘అల్ జబ్ర్’ నుంచి వచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఆ విద్యను గ్రంథస్థం చేసిన అల్ ఖ్వారిజ్మీ పేరులోనే మధ్య ఆసియాలోని ఖ్వారిజ్మ్ ఉంది. అంకెలు మనవి, అరబ్బులు తాము రాసే అంకెలను ఇప్పటికీ ‘హిందీ అంకెలు’ అనే పిలుస్తారు. కాబట్టి మన అంకెలతో, అరబ్బుల ఆల్జీబ్రాను, అరబ్బుల గడ్డ మీదనే, కేరళ నుంచీ ఈజిప్టు నుంచీ వెళ్ళి స్థిరపడినవారి పిల్లలకు చెప్పడానికి, ఉగ్గుపాలు ఇంగ్లండులో తాగినవారు కావాలన్నమాట. అల్ ఖ్వారిజ్మీ స్వయంగా దరఖాస్తు పెట్టుకున్నా, ‘మీ వివరాలను భవిష్యత్ అవసరాలకు భద్రపరుస్తాము’ అనే జవాబే వచ్చి ఉండేది.

ఈలోగా మంచి పాఠశాలను గుర్తుపట్టే విద్యను కూడా కొంత అభ్యసించాను. బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని రాసుకోవడానికి పెయింటరు తప్ప మరెవరూ అడ్డు లేరని మా ఊరి మూడు లాంతర్ల కూడలిలో నిలబడి చూసినవారికి తెలుసు. నెల్లిమర్ల బస్సు దిగే పిల్లలే అక్కడ ప్రపంచ దేశాల ప్రతినిధులు. అందుచేత, 1968లో జెనీవాలో మొదలైన ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) సంస్థ ఆ బడికి నిజంగా గుర్తింపు ఇచ్చిందా, లేక బడి ఇంకా అభ్యర్థి దశలోనే ఉండి ఆ ముద్ర వాడుకుంటోందా అన్నది ఆ సంస్థ జాబితాలోనే చూసుకోవాలి. దుబాయి అయితే ప్రైవేటు బడులను పర్యవేక్షించే అక్కడి ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ తనిఖీ నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. ఒప్పందంలో మొత్తం జీతం చూసి మురిసిపోకుండా మూల వేతనం ఎంతో చూడాలి. ఎందుకంటే యూఏఈలో మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల చొప్పున ఇచ్చే గ్రాట్యుటీని మూల వేతనం మీదనే లెక్క కడతారు. ఏజెంటు మన ప్రభుత్వం దగ్గర నమోదైనవాడై ఉండాలి, 30,000 రూపాయలకూ దాని మీది జీఎస్టీకీ మించి తీసుకోరాదు. మా వాళ్ళను లక్షన్నర అడిగిన పెద్దమనిషికి ఈ సంగతి చెబితే, అది వెల్డర్లకండీ, టీచర్లకు కాదు అన్నాడు. డిగ్రీ పత్రం సంగతి సరేసరి. రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆ పైన రాయబార కార్యాలయం ముద్ర వేయించుకుని, మనిషి కంటే ముందే అది దేశం చూసి వస్తుంది.

ఇక మా మేనకోడలు దరఖాస్తు పెట్టుకుంటే, పాఠశాలవారు పావుగంట పాఠం వీడియో పంపమన్నారు. ఉపాధ్యాయుడు చెప్పుకుపోకూడదట, విద్యార్థులే ప్రశ్నలు వేసి నేర్చుకోవాలట. పనిచేస్తున్న బడిలో చెప్పకుండా చేస్తున్న ప్రయత్నం కాబట్టి తరగతిని ఇంట్లోనే సమకూర్చవలసి వచ్చింది. ముందు వరుసలో ఆమె అత్తగారు, పక్కన జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మామగారు, వెనుక మూడో తరగతి చదివే మనవడు, నేను. వెనుక గోడ తెల్లగా ఉండాలన్నారు గానీ, పైడితల్లి అమ్మవారి కేలెండరు తీయడానికి అత్తగారు ససేమిరా అన్నందువల్ల కెమెరానే జరిపాము. పెరడు పొడవు వెడల్పు కంటే నాలుగు మీటర్లు ఎక్కువ, వైశాల్యం 60 చదరపు మీటర్లు, వెడల్పు ఎక్స్ అనుకుందాం అని మా మేనకోడలు మొదలుపెట్టిందో లేదో, అత్తగారు చెయ్యెత్తారు.

“ఆ ఎక్స్ ఎవులే అమ్మీ? ఆడెక్కడికి ఎల్లిపోయాడని ఎతుకుతున్నావు?”

టేపు పట్టి కొలిస్తే పోతుంది కదా అని మామగారు అడ్డొచ్చారు. మనవడు మంచినీళ్ళకు లేచాడు. మా మేనకోడలు చలించకుండా ఎక్స్ విలువ ఆరైనా కావచ్చు, మైనస్ పదైనా కావచ్చునని తేల్చి, ఈ రెండింటిలో ఏది కుదరదో చెప్పండి అని తరగతిని అడిగింది. తరగతి మౌనం వహించింది. అత్తగారు కాసేపు ఆలోచించి, “మైనస్ పది మీటర్ల పెరడేటే, అప్పున్న పెరడా?” అన్నారు. 628లో బ్రహ్మగుప్తుడు ఈ రకం సంఖ్యలకు ఋణమని పేరు పెట్టి, ధన ఋణాల కూడికలకు నియమాలు రాశాడు. ఏనాడూ బడి గడప తొక్కని ఆవిడ ఆ మాటను పన్నెండో నిమిషంలో, కెమెరా ముందు, ఎవరూ చెప్పకుండా పట్టుకున్నారు.

పది రోజులకు జవాబు వచ్చింది. బోధన అద్భుతంగా ఉన్నదనీ, విద్యార్థుల చొరవ ముచ్చటగా ఉన్నదనీ, అయితే తమ పిల్లల తల్లిదండ్రులు మాతృభాషగా ఇంగ్లీషు మాట్లాడేవారినే కోరుకుంటున్నారనీ రాశారు.

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకావడం లేదు. ఈ పిల్ల పీజీకి హైదరాబాదు వెళ్ళినప్పుడు ‘ఏటి’ అన్నందుకు హాస్టలంతా నవ్వింది. మా యాసను సినిమాలు పనిమనిషికీ హాస్యగాడికీ పంచిపెట్టాయి. అది మింగేసుకుని పుస్తకం తెలుగు నేర్చుకుంది. తరువాత ఇంగ్లీషు నేర్చుకుంది. తరువాత ఇంగ్లీషులోని యాసను కూడా దిద్దుకుంది. ఇప్పుడు పుట్టుక దిద్దుకోమంటున్నారు. ఒకే వరండాలో, పక్కపక్క గదులలో, ఒకే పాఠం చెప్పే ఇద్దరికి పాస్‌పోర్టును బట్టి రెండు జీతాలు ఇచ్చి, అదే వరండా గోడకు ‘మనమంతా ప్రపంచ పౌరులం’ అని బొమ్మలు అతికించే బడులు ఉన్నాయి. ఆ బొమ్మలు అతికించే చేతులకు సిగ్గుండదా?

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తనకు సవర భాష రావాలనుకుని, సవరల నోటనే విని నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఆయన మాతృభాష తెలుగు. ఈ ప్రకటనల లెక్కన ఆ బడిలో గంట కొట్టడానికి కూడా ఆయన అర్హులు కారు.

నిన్న ఆ పాఠశాల నుంచి మరో ఉత్తరం వచ్చింది. కొత్తగా చేరిన ఉపాధ్యాయుడి శిక్షణ కోసం మా మేనకోడలి వీడియోను చూపించుకోవడానికి అనుమతి కోరారు. ఎంత రుసుము అడగాలో తేలక ఆమె కాగితం మీద ఎక్స్ అని వేసుకుని కూర్చుంది. సంగతి విన్న అత్తగారు వంటింట్లోంచి వచ్చి, “నన్ను కూడా సూపిస్తారేటి? ముందే సెప్తే మంచి సీర కట్టుకుందును కదే” అన్నారు.