కలగలుపు కొత్తదేమీ కాదు
విదేశాల్లో స్థిరపడిన దక్షిణాసియా కళాకారులు సూక్ష్మచిత్రాల (చిన్న కొలతల్లో, అతి సన్నని గీతలతో వేసే బొమ్మల) సంప్రదాయాన్ని పలుచన చేస్తున్నారన్న మాట నాకు సరిగ్గా అనిపించలేదు. ఆ సంప్రదాయమే ఒక కలగలుపు కదా! హుమాయూన్ రప్పించిన పర్షియన్ చిత్రకారులు మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్ సమద్. అక్బర్ చిత్రశాలలో బసావన్, దస్వంత్ లాంటి భారతీయులు వాళ్లతో కలిసి పనిచేశారు. మొఘల్ సూక్ష్మచిత్రం అలా రూపుదిద్దుకున్నదే. చిత్రకారిణి షాజియా సికందర్ లాహోర్‌లోని నేషనల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆ పద్ధతిని బషీర్ అహ్మద్ దగ్గర నేర్చుకుని, 1990లలో అమెరికా వెళ్లాక యానిమేషన్, మొజాయిక్‌ల దాకా తీసుకెళ్లారు. నేనూ కొన్నాళ్లు సూక్ష్మచిత్రాలు సాధన చేశాను. ఒక్క ఆకు అంచుకి వెంట్రుకంత సన్నని గీత గీయాలంటే ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది, అయినా చెయ్యి వణికేది. అంత కష్టపడి నేర్చుకున్నవాళ్లకి ఆ కళ అంటే లెక్కలేదంటే నేను నమ్మలేను.