పదేళ్ల పిల్లలకి బ్రాకెట్లతో కుస్తీ ఎందుకండీ?

మా అన్నయ్య కొడుకు ఐదో తరగతి. వేసవి సెలవుల్లో ఒక కోచింగ్ సెంటర్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమని చేర్పించారు. వాళ్లింటికి వెళ్లేసరికి ఏడుపుమొహంతో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోయాడు, అంతే. స్క్రీన్ నిండా ఇంగ్లీషులో ఎర్రర్. "నాకు కోడింగ్ రాదు బాబాయ్" అన్నాడు. వాడికి రానిది కోడింగ్ కాదు, టైపింగ్.

బ్లాకులు ఒకదానికొకటి తగిలిస్తూ ప్రోగ్రామ్ తయారుచేసే స్క్రాచ్‌తో ఎందుకు మొదలుపెట్టరని ఆ సెంటర్‌లో అడిగితే "అది బొమ్మలాట సార్, పేరెంట్స్ ఒప్పుకోరు" అన్నారు. చాలా కోపం వచ్చింది. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో దాన్ని బయటికి తెచ్చిందే ఈ వయసు పిల్లల కోసం. అందులో బ్లాకు ఆకారమే వ్యాకరణం. 'ఇలా అయితే' అని షరతు పెట్టే 'ఇఫ్' బ్లాకులో ఆరు మూలల గాడి ఉంటుంది. 'తగిలిందా?' అని అడిగే బ్లాకు అందులో సరిగ్గా కూర్చుంటుంది, గుండ్రటి అంచుల అంకెల బ్లాకు పెట్టినా పట్టదు. బ్రాకెట్ మర్చిపోయే ప్రసక్తే లేదు. ఇక బుర్రంతా లెక్క మీదే పెట్టొచ్చు.

నేను శనివారాలు మా ఊరి బడికి వెళ్తుంటాను. ల్యాబ్‌లో ఉన్నవన్నీ పాత విండోస్ ఎక్స్‌పీ నాటి కంప్యూటర్లు, నెట్ లేదు. 2019లో వచ్చిన స్క్రాచ్ 3 వాటిలో నడవదు. అందుకే పాత స్క్రాచ్ 1.4ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి వేశాను. హాయిగా నడుస్తోంది. ఇలాంటి టూల్స్ తయారుచేసేవాళ్లకి నా విన్నపం ఒక్కటే: కొత్త హంగులు చేర్చండి, కానీ పాత మెషీన్ మీద, నెట్ లేకుండా నడిచేలా తేలిగ్గా ఉంచండి. ఆ కంప్యూటర్లు తప్ప వేరే దిక్కులేని పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు.

అక్కడ ఆరో తరగతి అమ్మాయి ఒకతి మామిడిపండ్లు బుట్టలో పట్టే ఆట తయారుచేసింది. పండు తగిలితే స్కోరు ఒకటి పెరగాలి. కానీ ఒక్క పండుకే ఏడు, తొమ్మిది, పదకొండు అని ఎగబాకుతోంది. నేను నోరు మెదపలేదు. బ్లాకుల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. "సార్, పండు ఇంకా బుట్టకి తగులుతూనే ఉంది. 'ఫరెవర్' బ్లాకు ఆగకుండా తిరుగుతోంది కదా, తిరిగిన ప్రతిసారీ మళ్లీ లెక్కపెడుతోంది" అంది. స్కోరు పెంచిన వెంటనే పండుని స్టేజీ పైకి, వై విలువ 180కి పంపే బ్లాకు తగిలించింది. స్కోరు ఒకటి దగ్గర ఆగింది.

ఇది బొమ్మలాటా? ఉద్యోగంలో నేను రోజూ చేసేది ఇదే పని.

ప్రోగ్రామ్ పెద్దదైతే బ్లాకులు చేటంత అవుతాయి, నిజమే. అప్పుడు పైథాన్‌కి వెళ్లొచ్చు, తొందరేం లేదు. ఆ అమ్మాయి మాత్రం స్కోరు పదికి చేరాక పండ్లు వేగంగా పడాలంటే ఏం మార్చాలో నోట్‌బుక్‌లో రాసుకుని, ఈ శనివారం నాకంటే ముందే ల్యాబ్ దగ్గర ఉంటానంది.