సవరణ: కాలనీ నాలా రిపేరు ఎవరి ఖర్చు?

మా కాలనీలో వాననీటి కాలువ మీది స్లాబు కుంగిందని నేనింతకుముందు రాసిన పోస్టులో ‘రిపేరు జీహెచ్‌ఎంసీయే చేయాలి’ అని ఉంది. దానికి ఒక షరతు చేర్చాలి.

కాలువ ఎవరి ఇంటి ముందుందన్నది కాదు, ఆ జాగా ఎవరి పేరున ఉందన్నది ముఖ్యం. లేఅవుట్ అనుమతి తీసుకున్నప్పుడు రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్‌ (దానపత్రం)తో స్థానిక సంస్థకు రాసిస్తారు. అలాంటి రోడ్డు పక్క కాలువైతే ప్రజాధనం ఖర్చుపెట్టొచ్చు, పెట్టాలి కూడా. గేటెడ్ కమ్యూనిటీ లోపలిదైతే మెయింటెనెన్స్ సాధారణంగా అసోసియేషన్‌దే.

మరి ఆ లోపలి కాలువలోంచే పై కాలనీల నీళ్లూ పారుతుంటే? అసలు పేచీ అక్కడే. నన్నడిగితే దాన్ని ప్రైవేటు అని తోసేయకూడదు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో చాలా కాలనీలను ముంచింది తెగిన, పొంగిన ఎగువ చెరువుల నీళ్లే. ఆ తర్వాతే ఎస్‌ఎన్‌డీపీ అనే నాలాల అభివృద్ధి పథకం పెట్టారు.

పూడిక తీస్తే సరిపోతుంది కదా అని కొందరన్నారు. స్లాబులో ఇనుప చువ్వలు బయటపడ్డాక పూడికతీత చాలదు. లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్ కాపీలు ఉన్నవాళ్లు అర్జీకి జతచేయండి. అవి లేకపోతే ఎస్టిమేటు దగ్గరే ఫైలు ఆగిపోవచ్చు.