పది నుంచి ఐదు దాకా ప్రపంచ యుద్ధం

ఇంగ్లండులో వేసవి వచ్చిందంటే ఏదో ఒక పార్కులో 1940లు మళ్లీ మొదలవుతాయి, రెండో ప్రపంచ యుద్ధకాలపు వేషాలు కట్టి జనం ఆనాటి బతుకును ఉత్సవంగా ఆడి చూపిస్తారు. శని, ఆదివారాలు, పది నుంచి ఐదు దాకా. పిల్లాపాపలతో రావచ్చు, కుక్కను తేవచ్చు. యుద్ధాన్ని ఇంత మర్యాదగా నడిపే జాతి మరొకటి లేదని ముందే ఒప్పుకుని, నాణ్యత విషయంలో కొన్ని లోపాలు మనవి చేస్తాం.

మొదటిది సైన్యం కూర్పు. 1940లో బ్రిటన్ ఆకాశాన్ని కాచిన వాయుసైనికులు 3,000 మందికి లోపే. పార్కులో టీ కోసం నిలబడ్డ వరుసలో పైలట్లు తప్ప ఇంకొకరు కనపడరు. 1943 డిసెంబరు నుంచి చీటీ తీసి, రిజిస్ట్రేషన్ నంబరు చివరి అంకె కలిసిన కుర్రాణ్ని సైన్యానికి బదులు బొగ్గుగనికి పంపారు. పదిమందిలో ఒకడికి ఆ యోగం పట్టింది. ఆ లెక్కన వేషం కట్టిన ప్రతి పదో పైలట్‌కీ మొహాన మసి పూసి, పార చేతికివ్వాలి. ఇక శత్రువు సంగతి. నాజీ దుస్తులు చాలాచోట్ల నిషేధం. సబబే. కాకపోతే మధ్యాహ్నం రెండింటికి జరిగే పోరులో ఎవరిమీద కాలుస్తున్నారో కాల్చేవాడికీ తెలియదు. ఓడేవాడు లేకుండానే గెలుపు.

సైరన్ మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు. చేతితో తిప్పే రకానికి వేగమే స్వరం. జోరుగా తిప్పితే పైకి లేస్తుంది, సడలితే దిగుతుంది. దాడి హెచ్చరిక ఎగుడుదిగుడుగా మోగాలి, ప్రమాదం తప్పిందన్న కూత ఒకే స్థాయిలో సాగాలి. మొదటిది ఎవరైనా తిప్పుతారు. రెండోదాని వేళకు చెయ్యి అలిసి సడలుతుంది, తెలిసొచ్చి మళ్లీ ఊపందుకుంటుంది. అంతే, ‘ఇక బయటికి రండి’ అనాల్సిన సైరన్ రెండో దాడిని ప్రకటిస్తుంది. హెచ్చరికకు ఒకరు, ముగింపుకు అలిసిపోని చేతులవారు మరొకరు ఉండాలి.

గ్యాస్ మాస్కు సంగతి ఇంకా సున్నితం. ఆనాటి మాస్కుల వడపోత డబ్బాలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు గనుక పిల్లల మొహానికి పెట్టకూడదు. విషవాయువును ఆపాల్సిన సామానే విషమై కూర్చుంది. అందుకని మాస్కు పెట్టుకునే అట్టపెట్టె ఖాళీగా భుజాన వేలాడితే చాలు.

బాంబుల నుంచి తలదాచుకునేందుకు పెరట్లో కట్టుకున్న ఆండర్సన్ షెల్టర్‌కి వంపు తిరిగిన రేకులు, నాలుగడుగుల గొయ్యి, పైన కనీసం 15 అంగుళాల మట్టి కావాలి. పార్కువాళ్లు పచ్చిక తవ్వనివ్వరు, కాబట్టి అది నేలమీదే కోళ్లగూడులా నిలబడుతుంది. అసలు గోతుల్లో నీళ్లూరేవి, చలికి వణుకుతూ జనం అందులోనే రాత్రిళ్లు గడిపేవారు. పొద్దున్నే నాలుగు బిందెలు కుమ్మరిస్తే కొంత నిజాయితీ వస్తుంది.

అసలు ఘోరం రేషన్ గుడారంలో జరుగుతోంది. బయట పోస్టరు పొదుపు నేర్పుతుంది, లోపల బల్లమీద విక్టోరియా స్పాంజ్ కేకు. దానికి 225 గ్రాముల వెన్న, అంతే చక్కెర, నాలుగు గుడ్లు. ఆనాడు మనిషికి వారానికి 57 గ్రాముల వెన్న, దొరికితే ఒక గుడ్డు. అంటే నలుగురున్న ఇంటి వారం వెన్నా, వారం గుడ్లూ ఆ ఒక్క కేకులో కూర్చున్నాయి. ఎనిమిది ముక్కలు కోసి, క్రీము విడిగా వడ్డిస్తారు. టీపొడి కూడా వారానికి 57 గ్రాములే. మన ఇళ్లలో అది బుధవారం దాటదు.

శత్రు విమానాలకు ఊరు కనపడకుండా రాత్రిళ్లు దీపాలార్పడం మాత్రం ఎవరూ చూపరు. ఆ తరం రోజూ అనుభవించింది చీకటిని. ఈ యుద్ధం ఐదింటికే మూసేస్తారు, అక్కడి వేసవిలో పొద్దు గుంకేసరికి తొమ్మిదవుతుంది.

మన వంతు ఏమిటని అడిగేవారుంటారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పుడు జనానికి తోచిన కార్యక్రమం ఒక్కటే, మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పోవడం. అదే ఏడు బర్మాలోని రంగంలో (రంగూన్‌లో) బతుకుతున్న తెలుగు కూలీలు ఎందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన బయలుదేరారు. చాలామంది దారిలోనే పోయారు. పార్కులో ఆ నడకనూ ఒక అంశంగా పెట్టవచ్చు, జీపులూ గుడారాలూ అక్కర్లేదు, ఖర్చు తక్కువ. కాకపోతే అది పిల్లల తోపుడుబండి పోయే దారి కాదు.