రెండు పంపులు కొడితే పడతాది

మా బావమరిది ఈ మధ్య ఒక పాత పికప్ కొన్నాడు. కొన్న రోజు నుంచి దానికి మెరుగులు దిద్దుతూనే ఉన్నాడు. లోడు మోసే వెనక స్ప్రింగులకు, అంటే కమాన్ కట్టలకు చెరో రెండు పట్టీలు అదనంగా వేయించాడు, తొట్టి చుట్టూ పలకలు బిగించి అడుగున్నర ఎత్తు పెంచాడు, పెళ్లి పందిరికి సరిపడా దీపాలు ముందువైపు కట్టించాడు. బ్రేకులను నిర్లక్ష్యం చేశాడని మాత్రం ఎవరూ అనడానికి వీల్లేదు, ఎందుకంటే ముందు చక్రాల డిస్కులను నొక్కిపట్టే కాలిపర్లకు స్వయంగా దగ్గరుండి ఎర్ర రంగు కొట్టించాడు.

అలిపిరిలో బండికి పూజ చేయించిన రోజున పక్క సీట్లో కూర్చునే భాగ్యం నాకు దక్కింది. హారతి అయింది, గుమ్మడికాయ పగిలింది, నాలుగు టైర్ల కింద పెట్టిన నాలుగు నిమ్మకాయలనూ చితక్కొట్టి బండి ముందుకు కదిలింది. పది గజాలైనా పోకముందే ఒక ఆవు తాపీగా రోడ్డు మధ్యకు వచ్చి నిలబడింది. మావాడు పెడల్ తొక్కాడు. పెడల్ నేలకు ఆనింది గానీ బండి ఆగలేదు. కాలెత్తి మళ్లీ తొక్కాడు, అప్పుడు ఆగింది. బంపర్‌కు కట్టిన బంతిపూల దండకూ ఆవు మూతికీ మధ్య జానెడు దూరం మిగిలింది. ఆవు ఆ దూరాన్ని తానే పూర్తి చేసి దండ నమలడం మొదలుపెట్టింది. దండ సగం అయ్యేదాకా మేమిద్దరం మాట్లాడలేదు.

"భయపడొద్దు బావా, రెండు పంపులు కొడితే పడతాది," అన్నాడు చివరికి. "చూడు, పెడల్ వెన్న మాదిరి ఎంత మెత్తగా ఉండాదో!"

ఈ రెండు పంపుల సిద్ధాంతం మా చిత్తూరు సీమలో ఎంత లోతుగా వేళ్లూనుకుందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. దీని ప్రకారం మొదటి తొక్కుడు బ్రేకును నిద్రలేపడానికి, రెండోది పని చెప్పడానికి. అవసరాన్ని బట్టి మూడోది కూడా ఉంటుంది, అయితే దాన్ని కాలితో కాక నోటితో, గోవిందనామంగా కొడతారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటిపోతుంది కనుక, బ్రేకు నిద్రలేచేలోగా ఎదురుగా ఉన్న ఆవు గానీ, సైకిలు మీది బడిపిల్ల గానీ ఆ 17 మీటర్ల అవతల ఉండవలసిన బాధ్యత వాళ్లదే.

ఇంతకీ రెండో పంపుకు బ్రేకు ఎందుకు పడుతుందో కూడా చెప్పుకుందాం. వెనక చక్రాల డ్రమ్ముల్లో, లోపలి నుంచి ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు అరిగి, వాటికీ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగినప్పుడు, మొదటి తొక్కుడుకు కదిలిన బ్రేక్ ఆయిలంతా ఆ సందు పూడ్చడానికే సరిపోతుంది. లైనర్లు వెనక్కి వెళ్లేలోగా రెండోసారి తొక్కితే అవి డ్రమ్మును పట్టుకుంటాయి. పైపుల్లో గాలి చేరినా ఇదే తంతు, ఎందుకంటే నొక్కితే గాలి అణుగుతుంది, ఆయిలు అణగదు. మావాడు వెన్న అని మురిసిపోతున్నది ఆ గాలినే. పరుపు మెత్తగా ఉంటే సుఖం, బ్రేకు పెడల్ మెత్తగా ఉంటే జబ్బు.

ఇక ఆ అదనపు కమాన్ పట్టీల ఘనత వేరు. చాలా పికప్‌లలో చాసిస్‌కూ వెనక ఇరుసుకూ మధ్య కడ్డీతో కలిపిన ఒక వాల్వు ఉంటుంది. లోడు పడి వెనక భాగం కుంగితే ఆ కడ్డీ కదిలి, వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువగా వెళ్లనిస్తుంది. పట్టీలు కలిపి బండిని కుంగకుండా చేసిన తర్వాత పైన ఎన్ని టమాటా క్రేట్లు పేర్చినా ఆ అమాయకపు వాల్వు బండి ఖాళీగా పోతోందనే అనుకుంటుంది. అంటే మావాడు డబ్బిచ్చి మరీ లోడు పెంచుకుని, అదే డబ్బుతో వెనక బ్రేకును తగ్గించుకున్నాడు.

పలమనేరులో క్రేట్లు ఎక్కించుకుని మొగిలి ఘాటు దిగేటప్పుడు ఆయనకు గేరు గుర్తుకు రాదు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో దిగేటప్పుడూ అందులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందన్నది మావాడి మాట. అలా దిగుతున్నంతసేపూ బ్రేకు ప్యాడ్లు కాలిన వాసన వస్తుంటే, ఎవరో పొలంలో టైరు తగలబెడుతున్నారని అద్దం ఎత్తుకుంటాడు. ఆ వేడి ఆయిలుకూ ఎక్కుతుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వేడికి గానీ మరగదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకునే రకం, నీరు చేరినకొద్దీ ఆ హద్దు 155 డిగ్రీల దాకా దిగజారవచ్చు. మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరతాయి, అప్పుడు రెండు కాదు, ఇరవై పంపులు కొట్టినా పెడల్ కింద ఏమీ ఉండదు. మావాడి బండిలో ఆయిలు కాఫీ డికాషన్ రంగులో ఉంది. మార్చమంటే, "కారిపోలేదు కదా బావా, ఎందుకు మార్చేది?" అన్నాడు.

నిజంగా బ్రేకు బాగుపడాలంటే కావలసింది పెద్ద ఖర్చేమీ కాదు. ఆయిలు మార్చి గాలి తీయించాలి, లైనర్లు వేసి సందు సరిచేయించాలి, ఉబ్బిన రబ్బరు పైపులు తీసేయాలి, ప్యాడ్లు మంచివి వేయాలి. బండిని చివరికి ఆపేది రోడ్డును పట్టుకునే టైరే కనుక, నున్నగా అరిగిన టైర్ల మీద ఎంత ఖరీదైన డిస్కు బిగించినా వృథాయే. ఇదంతా కనబడని పని. కనబడని పనికి మా ఊళ్లో ఎవడూ డబ్బు పెట్టడు.

ఆ తర్వాత ఒకరోజు పత్రికలో "బ్రేకులు ఫెయిలై బోల్తా పడిన వాహనం" అని వస్తుంది, బ్రేకులేవో పరీక్ష రాసి తప్పినట్టు. ఏ బ్రేకు ఫెయిలైందయ్యా? ఆరు నెలలుగా ఆ పెడల్ నీ అరికాలికి చెబుతూనే ఉంది కదా! మామిడి కోతల కాలంలో తోతాపురి కాయల మీద, ఆ పెంచిన పలకల అంచు పట్టుకుని కూర్చునే కూలి మనుషులకు, సద్దిమూట ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లకు, పెడల్ నేలకు ఆనిందని ఎవరు చెప్పారు? పంపు కొట్టడానికి వాళ్ల కాలి కింద ఏముంది? తలుపు తీసుకుని దూకే వీలు నీకుంది, వాళ్లకు లేదు. లైనర్లకు పెట్టని డబ్బు దీపాలకు పెట్టినవాడు దాన్ని ప్రమాదం అనడానికి సిగ్గుపడాలి.

ఈ మాటలే నిన్న మావాడితో అన్నాను. తల వంచుకుని విన్నాడు, కళ్లు కూడా చెమ్మగిల్లాయి. ఈ ఉదయం ఇంటి ముందు బండి ఆపి (రెండు పంపులు కొట్టాడు, నేను లెక్కపెట్టాను) నన్ను బయటికి పిలిచాడు.

"నువ్వు చెప్పినాక రాత్రంతా నిద్ర పట్టలే బావా. పొద్దున్నే పోయి హారన్ మార్పించేసినా. దీని సౌండుకు ఇంక బ్రేకుతో పనే ల్యా!"